మొక్కిన పెట్ట

గంప మూత తీసి సరళ ఫోనులో టైము చూసుకుంది. ఆరూ యాభై. ఏడూ ఐదుకల్లా పెట్ట మళ్లీ గుడ్ల మీద కూర్చోవాలి. పదిహేను నిమిషాలు దాటితే లోపలి పిల్లలు చల్లబడి చస్తాయి. చస్తాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చావొచ్చని తోచింది, అంతే. ఒకసారి తోచాక ఆమెకు అది నిజమే.

"తిను. జల్దీ తిను," అని గుప్పెడు నూకలు చల్లింది.

పెట్ట నూకల వంక చూడను కూడా చూడలేదు. నల్లటి మెడ నిక్కించి, రెక్కలు దులుపుకుని, దడి సందులోంచి నేరుగా పుష్పలత వాకిట్లోకి నడిచింది. అక్కడ పరదా మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఇంకే కోడి ఆ పరదా తొక్కినా పుష్పలత చేతిలో చీపురు లేస్తుంది. దీని మీద మాత్రం లేవదు. ఇది దేవుని కోడి. ఆ సంగతి ఊరందరికంటే బాగా ఆ కోడికే తెలిసినట్టుంది.

ఏడు గంటలకు పుష్పలతే పెట్టను చంకలో పెట్టుకుని వచ్చింది. రెండో చేతిలో నోటుబుక్కు. చర్చిలో స్త్రీల సమాజానికి ఆమె పెద్ద; కోత పండుగకు ఎవరింటి నుంచి ఏం వస్తుందో ఆ బుక్కులో ఉంటుంది, పండుగనాడు మైకులో చదివేదీ ఆమే.

"ఇదిగో సరళా, మీ దేవుని కోడి. నా వడ్లు మేసి మేసి మంచిగ బలిసింది. ఆదివారం పొద్దున కాళ్లు కట్టి తీస్కరా."

"ఏ ఆదివారం?"

"ఈ ఆదివారమే. ప్రసంగం జెప్పే పెద్దయ్యగారికి వచ్చేవారం ఖాళీ లేదంట, ముందుకు జరిపినం. మొన్న ప్రార్థనల చెప్పిన గదా. నువ్వు ఫోను చూస్కుంట కూసుంటివి."

ఫోను చూసుకుంటూ కూర్చున్న మాట నిజమే. ఖమ్మం కోచింగ్ హాస్టల్లో ఉన్న కూతురు దీపిక ఆ సాయంత్రం మెసేజీకి నలభై నిమిషాలు జవాబివ్వలేదు. ఆ నలభై నిమిషాల్లో సరళ మనసులో ఒక బస్సు బోల్తా పడింది, ఒక సిలిండరు పేలింది.

పెట్టను అందుకుని గంపలో దించుతూ సరళ వేళ్ల మీద లెక్కపెట్టింది. మంగళవారం పొద్దుగూకి పొదగేసింది. ఆదివారానికి పంతొమ్మిది రోజులు. పిల్లలు లేవడానికి ఇరవై ఒకటి కావాలి.

"అక్కా, ఇది గుడ్ల మీద ఉన్నది. ఆదివారం దాటి రెండు రోజులైతే..."

"పోయినేడు కోడిపిల్ల చిన్నగుంది అంటివి. ఈ ఏడు గుడ్ల మీదుంది అంటవు. వచ్చే ఏడు బాలింత అంటవా?" పుష్పలత నవ్వి, నవ్వాపి గంపలోకి వంగింది. "ఎవరి గుడ్లివి? నీ పెట్ట గుడ్లు గింత చిన్నగుండయి గదా?"

"జంపక్కవి."

పుష్పలత నిటారుగా నిలబడింది. "దేవునికి మొక్కిన కోడి కింద జంపక్క గుడ్లా? ఆ పుంజులు పెరిగినంక యాడ కోస్తరో ఎరికేనా? వాళ్ల ఏల్పు దేవత ముంగట. అవ్ మరి, మన కోడి పొదగాలె, వాళ్ల ఏల్పు తినాలె." బుక్కులో ఏదో టిక్కు పెట్టుకుంది. "నల్లమెడ పెట్ట, సరళ సిస్టర్. రాసే ఉన్నది. నేనేం మార్చ."

ఆమె వెళ్లాక సరళ గంప మూత పెట్టి, దాని మీదే చెయ్యి ఉంచి కూర్చుంది. గడ్డి కింద ఆమె పెట్టిన ఇనుప మేకు ఉంది. ఉరుముకు గుడ్లు మురిగిపోకుండా మేకు పెడతారు. అలాంటివి పెట్టొద్దని చర్చి అయ్యగారు చెబుతూనే ఉంటారు. ఆమె ప్రార్థన చేసి మరీ మేకు పెట్టింది.

*

చందర్ పాల్వంచలో షిఫ్టు దిగి బస్సెక్కి ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. చొక్కా విప్పి దండెం మీద వేసేలోపే సరళ మొత్తం చెప్పేసింది, రెండుసార్లు.

"వేరే పెట్టను ఇయ్యరాదు?" అన్నాడతను. "దేవుడు ఈకలు లెక్కబెడతడా ఏంది?"

"తల వెంట్రుకలు లెక్కబెట్టేటాయన ఈకలు లెక్కబెట్టడా?"

"పోనీ ఎర్రపుంజును ఇయ్యి. గది ఇంకా ఎక్కువే గదా."

"అది బిడ్డకు!" సరళ గొంతు లేచింది. క్రిస్మస్ సెలవులకు దీపిక వచ్చినప్పుడు కోద్దామని ఎనిమిది నెలలుగా తవుడు కలిపి పెట్టి పెంచుతున్న పుంజు అది. "అయినా ఎక్కువ తక్కువ కాదయ్యా. దవాఖానాల మంచం పక్కన కూసోని నేనేమన్ననో నాకు ఎరికె. ప్లేట్‌లెట్లు ఇరవై రెండు వేలు. వాకిట్ల తిరిగే నల్లమెడ పిల్ల నీదే దేవా, కోత పండుగనాడు తెచ్చిస్త, నా బిడ్డను ఇంటికి పంపు అన్న. ఆయన పంపిండు. ఇప్పుడు నేను వేరే కోడిని తీస్కపోయి మోసం జేస్తే? మళ్ల డెంగీ వస్తే? రెండోసారి వస్తే ఇంకా కష్టమంట, యూట్యూబుల చూసిన."

"నీకు యూట్యూబు పెట్టిచ్చిన నన్ను అనాలె," అని చందర్ పళ్లెం ముందు కూర్చున్నాడు.

అన్నం వడ్డిస్తూనే ఆమె దడి అవతలికి చూస్తోంది. ఊరి చివర, అడివి మొదలయ్యే చోట జంపక్క గుడిసె. వానాకాలంలో కొక్కెర రోగం వచ్చి నాలుగు రోజుల్లో జంపక్క కోళ్లు పద్నాలుగూ మెడలు వాల్చేశాయి. మోకాళ్లు పట్టేసి తునికాకు కోయడానికి పోవడం మానేసినప్పటి నుంచి ఆ కోళ్లే ఆమెకు ఉప్పూ పప్పూ. మళ్లీ మొదలుపెట్టాలని తన అన్న ఊరిదాకా అడివిలో నడిచిపోయి, కుండలో తవుడు పోసి, తవుట్లో పదకొండు గుడ్లు పూడ్చి తెచ్చుకుంది. అదే వారం నల్లమెడ పెట్ట పొదుగుకొచ్చింది. ఒకరి గుడ్లు ఇంకొకరి పెట్ట కింద పెడితే పిల్లల్లో చెరిసగం, అది ఊళ్లో ఎప్పుడూ ఉన్నదే. "కోడి మీ దేవునిదంటివి గదా. సగం ఆయనకు, సగం నాకు. ఇద్దరం ఒంటిగాళ్లమే," అని జంపక్క నవ్వింది ఆ రోజు. సరళకు నవ్వు రాలేదు. దేవుని గురించి అలా అంటే ఏమవుతుందోనని పైకి చూసింది.

శుక్రవారం పొద్దున ఆమె ఇంకో దారి వెతికింది. ముసలి పొడల పెట్టను పట్టుకుని చీకటి మూలలో గుడ్ల మీద కూర్చోబెట్టి, పైన గంప బోర్లించి, గంప మీద రోకలి పెట్టింది. చీకట్లో ఉంటే పొదుగు బుద్ధి పుడుతుందని ఎవరో అన్నారు. పావుగంటలో గంప లోపల యుద్ధమైంది. రోకలి దొర్లింది. తీసి చూస్తే ఒక గుడ్డు పగిలి ఉంది. పెంకుల మధ్య తడి ఈకలతో చిన్న పిల్ల, కళ్లు మూసుకునే ఉంది.

సరళ దాన్ని పాత పేలికలో చుట్టి పెంటకుప్ప దగ్గర పూడ్చింది. చేతులు కడుక్కుంటూ ముసలి పెట్టను తిట్టింది, పుష్పలతను తిట్టింది, ఖాళీ లేని పెద్దయ్యగారిని కూడా లోలోపల తిట్టబోయి, పాపమని ఆగింది.

*

సాయంత్రం చర్చికి వెళ్లేసరికి అయ్యగారు స్టూలెక్కి వరి కంకుల తోరణం కడుతున్నారు. స్టూలు కాలొకటి ఊగుతోంది. ఆయన పడి నడుము విరిగి, ఆదివారం ప్రార్థన చెప్పేవాళ్లు లేక... సరళ గబగబా పోయి స్టూలు పట్టుకుంది.

"ఆ కట్ట అందియ్యమ్మా," అన్నారాయన.

కట్ట అందిస్తూ ఆమె చెప్పింది. మొక్కుబడి, పంతొమ్మిది రోజులు, ముసలి పెట్ట, పగిలిన గుడ్డు. పుష్పలత ఏల్పు గురించి అన్నది కూడా. ఆయన పురికొస పళ్లతో తెంపుతూ విన్నారు.

"ఇయ్యాలెనా, ఆగాలెనా చెప్పుండ్రి అయ్యగారూ. ఏదో ఒకటి చెప్పుండ్రి."

"ఆ కోడిని ఇచ్చేది తల్చుకుంటే నీకేమనిపిస్తది?"

"భయమైతది."

"ఇయ్యకుండుడు తల్చుకుంటే?"

"ఇంకా భయమైతది."

ఆయన తోరణం సరిచేసి, తల వెనక్కి వంచి చూసుకున్నారు. "ఇరవై రెండేండ్ల సంది ఈ ఊళ్లె భయంతోని ఇచ్చిన కోళ్లే తింటున్నమ్మా. అబద్ధమెందుకు, కూర మంచిగనే ఉంటది. గని ఒక్కనాడన్న నవ్వుకుంట ఇచ్చిన కోడిని తినాలని ఉన్నది. నీకు నవ్వొచ్చిన్నాడు తీస్కరా."

"అదేం మాట? నవ్వుకూ మొక్కుకూ ఏం సంబంధం?"

"స్టూలు గట్టిగ పట్టుకో, దిగుతున్న."

దారి పొడుగునా సరళకు మండిపోయింది. డాక్టరు దగ్గరికి పోతే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని రాసిస్తాడు. ఈయనేమో నవ్వు తెమ్మంటాడు. నవ్వేమన్నా కిరాణా దుకాణంలో దొరుకుతుందా? ఇరవై రెండేళ్లుగా కోళ్లు తిన్నాయన, ఇయ్యి అనో వద్దు అనో ఒక్క ముక్క చెప్పలేకపోయాడు.

*

శనివారం ఎండ ఎక్కాక జంపక్క ఇత్తడి పళ్లెం పట్టుకుని వచ్చింది.

"నీళ్లు కాగబెట్టు సరళా. గుడ్లు చూద్దాం."

నీళ్లలో మోచెయ్యి ముంచి, ఇంకొంచెం చన్నీళ్లు పోయించి, మళ్లీ ముంచింది జంపక్క. తర్వాత పెట్ట పొట్ట కిందికి చెయ్యి పోనిచ్చి ఒక్కొక్క గుడ్డే తీసి నీళ్లలో వదిలింది. సరళ చెయ్యి పెడితే రక్తం వచ్చేలా పొడిచే పెట్ట, జంపక్క చేతిని మాత్రం పట్టించుకోలేదు. గుడ్లు తేలాయి. కాసేపు కదలకుండా ఉన్నాయి. తర్వాత ఒకటి ఉలిక్కిపడ్డట్టు ఊగింది. దాని పక్కది ఊగింది. చూస్తుండగానే పళ్లెమంతా చిన్న చిన్న అలలు.

"ఆడుతున్నయ్ చూడు! అన్నీ బతికే ఉన్నయ్." జంపక్క పళ్లెం మీదికి వంగి లెక్కపెట్టింది. "పదే ఉన్నయేంది?"

"ఒకటి... పగిలింది. నా చేతిలనే."

"పోనీ. పదింట్ల సగమొచ్చినా నా వాకిలి నిండుతది."

రేపటి సంగతి చెప్పడానికి సరళ నోరు తెరిచింది. వచ్చింది వేరే మాట. "జంపక్కా, వీట్ల పుంజును మీ ఏల్పుకు ఇస్తవా?"

"ఇస్త. మంచిదాన్ని చూసి ముందుగాల్నే అనుకుంట. బక్కదాన్ని తీస్కపోతే ఏం మర్యాద?"

"ఇయ్యకపోతే ఏమైతది?"

"ఏమైతది? ఏం గాదు."

"మరెందుకిస్తవ్?"

జంపక్క తడి గుడ్డును కొంగుతో అద్దుతూ ఆమె వైపు వింతగా చూసింది. "పండుగ గదనే!"

సరళ ఇంకో తడి గుడ్డు అందించింది.

సాయంత్రం ఆరింటికి దీపిక ఫోను చేసింది. తిన్నానంది, మాక్ టెస్టు బాగానే రాశానంది. చివర్లో, పెట్టేసే ముందు, "తల నొస్తంది కొంచెం," అంది.

"జ్వరమున్నదా? ఒళ్లు నొప్పులున్నయా? కండ్ల ఎనక నొస్తందా?"

"అమ్మా! నిద్ర లేదు, అంతే."

"దోమతెర కట్టుకుంటున్నవా?"

"అమ్మా, పెడుతున్న."

ఫోను ఆగిపోయినా సరళ చెవికే పెట్టుకుని నిలబడింది. అడగాల్సిన అవసరం లేదిక. దేవుని జవాబు వచ్చేసింది. ఆమె ఇంకా ఇవ్వనా మాననా అని ఊగుతుంటే, ఇంత దూరం నుంచి, ఇంత కచ్చితంగా, పంతొమ్మిదో రోజుకు ముందు సాయంత్రమే.

"నువ్వు పోయి జంపక్కకు చెప్పిరా," అంది చందర్‌తో. "పొద్దున కోడిని తీస్కపోతమని చెప్పు. బిడ్డకు తలనొప్పి వచ్చిందని చెప్పు. నాకు మొకం లేదు."

అతను గొణుక్కుంటూ చెప్పులేసుకున్నాడు. పది నిమిషాల్లో తిరిగొచ్చాడు.

"ఏమన్నది?"

"బిడ్డకు ఎట్లున్నదని అడిగింది."

"గుడ్ల గురించి?"

"ఏమనలే."

*

ఆదివారం మంచు ఇంకా విడవలేదు. సరళ నైలాను తాడు ముక్క వెతుకుతుంటే దడి దగ్గర దగ్గు వినబడింది. జంపక్క. ఒక చంకలో గుమ్మడికాయ, చేతిలో సన్నటి నారతాడు.

"నైలాను కాళ్లకు కోసుకుంటది, కోడి గుంజుకుంటే రక్తమొస్తది. రాత్రి పేనిన, మెత్తగుంటది." తాడు సరళ చేతిలో పెట్టింది. "కాయ మీ పండుగకు. మా పాదుది."

తర్వాత మోకాళ్లు పట్టుకుని మెల్లగా గంప ముందు కూలబడింది. మూత తీసి, పెట్టను కాస్త పక్కకు జరిపి, ఒక్కో గుడ్డూ తీసి ఒడిలో వేసుకోసాగింది.

"ఏం జేస్తవ్ వీటిని?" అంది సరళ.

"వేడినీళ్ల సీసలు పెట్టి గొంగట్ల చుట్టి చూస్త. లేస్తే లేస్తయ్. లేవకుంటే అన్న ఊరికి మళ్ల పోత."

"ఆ మోకాళ్లతోనా?"

"కాళ్లు నాయే గదా, ఎవరినన్న అడిగేదున్నదా?" జంపక్క నవ్వింది. "బిడ్డకు తల నొస్తంటే గుడ్లేంది, గిడ్లేంది. మొక్కింది ఇచ్చెయ్యి, నీ పానం నిమ్మళమైతది." చివరి గుడ్డు తీసి చెవి దగ్గర పెట్టుకుని విని, సరళకు అందించింది. "ఇను."

వెచ్చగా ఉంది. చెవికి ఆనించుకుంటే లోపల గోటితో గీరుతున్న చప్పుడు. ఆగి, మళ్లీ.

మొక్కింది తను. ఇస్తున్నది జంపక్క.

సరళకు ఒక్కసారిగా కోపం పొంగింది. "ఎందుకు నవ్వుతున్నవ్? తిట్టరాదూ! రెండు రోజులు ఆగలేవా అని అడగరాదూ!"

"తిడితే నీ బిడ్డ తలనొప్పి తగ్గుతదా?"

"పెట్టు. గుడ్లు గంపల పెట్టు."

"మరి మొక్కు..."

"పెట్టమంటుంటే! ఒక్కొక్కటి పెట్టు, చల్లబడుతున్నయ్. కోడి నీదే. ఈ పొద్దు సంది నీదే. సగం గిగం ఏం లేదు, పిల్లలన్నీ నీయే. గంప గూడ తీస్కపో, కోడి లేని గంప నేనేం జేసుకోను?"

జంపక్క గుడ్లు సర్దుతూ ఆగిపోయింది. "మీ దేవుడు కోపం జేస్తడేమోనే."

"చేస్తే నా మీద జేస్తడు. నా బిడ్డ జోలికి ఎందుకొస్తడు? ఆయనకేం పని లేదా, తలనొప్పులు పంపుకుంట కూసుంటాడా?"

ఆ మాట బయటికి వచ్చాక గానీ తనేమందో ఆమెకు వినబడలేదు. గంప మీద కప్పడానికి తీసిన గోనెసంచి చేతిలో అలాగే ఉండిపోయింది. ఏడాదికి పైగా ఆ భయం తలుపు దగ్గర కాపలా ఉంటోంది, లోపల ఎవరున్నారో ఒక్కసారీ తొంగి చూడకుండా.

"ఏందయ్యా చూస్తున్నవ్? ఆ పక్క పట్టు," అని గడపలో నిలబడ్డ చందర్ మీద అరిచింది. "కుదుపకు. గుంతలున్నయ్, చూసి నడువు."

గంపను ఇద్దరూ మోశారు. పెట్ట గోనె కింద నుంచి ఒక్కసారి కుర్రుమని, ఊరుకుంది. జంపక్క గుడిసెలో పొయ్యి పక్క మూల వెచ్చగా ఉంది. సరళ గడ్డిని చేత్తో తడిమి, కింద మేకు ఉందో లేదో చూసి, ఉండనిచ్చింది.

*

చర్చి గేటు దగ్గరికి వచ్చేసరికి పొద్దుటి ధైర్యం సగం అయిపోయింది. గుమ్మడికాయ చందర్ భుజం మీద, ఎర్రపుంజు సరళ చంకలో. పుంజు కాళ్లకు నారతాడు. తాడు ఎంత మెత్తగా ఉందంటే పుంజు తనను కట్టారని కూడా గుర్తించలేదు, మహారాజులా మెడ తిప్పుతూ తోరణాలు చూస్తోంది.

పుష్పలత మైకు ముందు పేర్లు చదువుతోంది. వడ్లు రెండు బస్తాలు. కందులు ఒక గంప. అరటి గెల.

"నల్లమెడ పెట్ట, సరళ సిస్టర్."

సరళ లేచి ముందుకు నడిచింది. పుష్పలత చూపు పుంజు మీద పడి, బుక్కు మీదికి వెళ్లి, మళ్లీ పుంజు మీదికి వచ్చింది.

"ఇది పుంజు గదా?"

"అవ్."

"పెట్టేది?"

"ఇచ్చేసిన."

"ఎవరికి?"

"జంపక్కకు."

ఆ మాటలు మైకులో చర్చంతా వినబడ్డాయి. వెనక బెంచీల్లో గుసగుస లేచింది. పెద్దయ్యగారు కళ్లజోడు సవరించుకున్నారు. సరళ పుంజును మైకు దగ్గరికి ఎత్తి చూపించింది. "దీపికకు పండుగకని పెంచిన," అని ఇంకా ఏదో చెప్పబోయింది.

పుంజు మెడ చాచింది. మైకు దాని ముక్కు ముందే ఉంది. కొక్కొరోకో అని అది పెట్టిన కూతకు బాక్సులు రెండూ కుయ్యిమన్నాయి, పెద్దయ్యగారి చేతిలో నీళ్ల గ్లాసు ఒలికింది, ముందు వరసలో నిద్రపోతున్న చంటిది లేచి ఏడుపందుకుంది. పుంజు ఆ ప్రతిధ్వని ఇంకో కోడిదనుకుని దానికి జవాబుగా మళ్లీ కూసింది.

సరళ ఆపుకోవాలని చూసింది. ఆగలేదు. పుంజును పట్టుకునే నవ్వింది, కళ్లలోంచి నీళ్లు కారేదాకా, పుంజు ఈకల్లో మొహం దాచుకుని నవ్వింది. చందర్ గుమ్మడికాయ వెనక నవ్వుతున్నాడు. పుష్పలత బుక్కును మొహానికి అడ్డం పెట్టుకుంది, బుక్కు ఊగుతోంది.

అయ్యగారు మాత్రం నవ్వలేదు. సరళ వంకే చూస్తూ ముందుకు వచ్చి పుంజును అందుకున్నారు.

"రాస్కో పుష్పలతమ్మా, పుంజు ఒకటి," అన్నారు. "దీంట్ల నాకో ముక్క దాచి పెట్టుండ్రి."

*

మంగళవారం పొద్దెక్కేసరికి తొమ్మిది లేచాయి. పదోది లేవలేదు. ఆ సాయంత్రం దాకా ఉంచి చూద్దామంది జంపక్క.

బుధవారం ఎండలో పెట్ట తొమ్మిదింటినీ వెంటేసుకుని ఊరు చూపించడానికి బయల్దేరింది. అలవాటైన దారే. నేరుగా పుష్పలత పరదా. ఇప్పుడది దేవుని కోడి కాదు. పుష్పలత చీపురు ఎత్తింది. ఎత్తి, తల్లి వెనక వడ్లలో మునిగి తేలుతున్న పిల్లల్ని చూసి, ఎత్తిన చీపురుతో అలాగే నిలబడిపోయింది.

పెట్ట వెనకే వచ్చిన జంపక్క వంగి ఒక పిల్లను దోసిట్లోకి తీసి దడి మీంచి సరళకు ఇచ్చింది. మెడ ఒక్కటే నలుపు. "ఇది దీపికకు."

"వద్దంటిని గదా."

"నీకెవరిచ్చిండ్రు? బిడ్డకిచ్చిన."

అప్పుడే ఫోను మోగింది. దీపిక. తలనొప్పి పోయిందట. "గని జలుబు జేసిందమ్మా," అని తుమ్మింది. ఒకటి. రెండు. మూడు.

సరళ అరచేతిలో పిల్ల గుండె టకటకా కొట్టుకుంటోంది. ఆమె చెయ్యి దానంతటదే పైకి లేచింది, కళ్లు వాటంతటవే మూసుకున్నాయి. "దేవా, ఈ పిల్లను..."

"ఏందమ్మా? ఏదో అంటున్నవ్?"

సరళ కళ్లు తెరిచింది.

"ఏం లేదు. ఆవిరి పట్టు," అంది. వంగి, దడి సందు దగ్గర పిల్లను నేల మీద వదిలింది. "పో. మీ అమ్మ దగ్గరికి పో."